కూల్చే ముందు కొలత తీసుకోండి



సికింద్రాబాద్ స్టేషను పాత ముందుభాగం ఇప్పుడు లేదు. ఆర్చీలతో ఉండే ఆ ముఖద్వారాన్ని 2025 ఫిబ్రవరిలో కూల్చేశారు. 700 కోట్ల రూపాయలకు పైబడిన ఖర్చుతో అక్కడ కొత్త స్టేషను కడుతున్నారు. కట్టవలసిందే, ఆ విషయంలో నాకు పేచీ లేదు. సంక్రాంతి ముందురోజు ఆ ప్లాట్‌ఫాముల మీద చంటిపిల్లల్ని ఎత్తుకుని నడిచినవాళ్లెవరికీ ఉండదు. కానీ ఆ ముఖద్వారం వయసెంత అన్న దగ్గర మాత్రం తలో మాటా వినపడింది. ఒకరు 1874 అన్నారు. ఇంకొకరు నిజాం చివరి రోజులన్నారు. అబ్బే, స్వాతంత్య్రం వచ్చాక కట్టిందేనని మరొకరన్నారు. 1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు లైను వచ్చిన మాట నిజమే. ఆ తరవాత స్టేషనును పెంచారు, మార్చారు, ముఖం దిద్దారు. ఏ గోడ ఏ కాలానిదో అది నిలబడి ఉన్నంతకాలం చూసి తేల్చుకోవచ్చు. కూలిపోయాక మిగిలేది వాదనే.

పాత స్టేషన్లన్నిటినీ ముట్టుకోకుండా ఉంచమని నేను అడగను. రైల్వేవాళ్లు రోజూ బళ్లు నడపాలి. కొన్ని కట్టడాలు పోక తప్పదు. అయితే పోయే ముందు కొలతలు తీసుకోవాలి, ఫోటోలు తియ్యాలి, అక్కడ పనిచేసినవాళ్లు చెప్పింది రాసి పెట్టాలి. నిలబడగలిగినవాటిని వాడుకలో ఉంచి కాపాడుకోవాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇది ఎందుకు కష్టమో, ఎలా చెయ్యవచ్చో కాస్త వివరంగా చెబుతాను.

మన రెండు రాష్ట్రాల స్టేషన్లను ఏ ఒక్క కంపెనీయో కట్టలేదు. మద్రాసు నుంచి రేణిగుంట, కడప, గుత్తి మీదుగా రాయచూరు పోయే దారి మద్రాసు రైల్వేది, అది 1871 నాటికి పూర్తయింది. సికింద్రాబాద్, వరంగల్ దారి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేది, అది 1889లో బెజవాడ చేరింది. గుంతకల్లు నుంచి నంద్యాల, గుంటూరు మీదుగా బెజవాడ వచ్చిన మీటర్‌గేజి లైను సదరన్ మరాఠా కంపెనీది. కోస్తా వెంట సాగిన లైను ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేది, 1890లలో వేసింది. కొన్నేళ్లకే ఆ కోస్తా లైనును కూడా రెండు ముక్కలు చేశారు. వాల్తేరుకు దక్షిణాన ఉన్నది మద్రాసు వైపు పోయింది, ఉత్తరాన ఉన్నది బెంగాల్ నాగపూర్ రైల్వే కిందికి, అంటే కలకత్తా వైపు పోయింది.

దీంతో స్టేషన్ల కాగితాలు కూడా తలో దిక్కుకూ చేరాయి. 1951లో రైల్వేలను జోన్లుగా కలిపినప్పుడు మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా కలిసి ఏర్పడిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా కాగితాలు సదరన్ రైల్వేకూ, నిజాం రైల్వే కాగితాలు బొంబాయి కేంద్రంగా ఉన్న సెంట్రల్ రైల్వేకూ వెళ్లాయి. 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దాని కేంద్రమైంది. గుంతకల్లు డివిజను మాత్రం 1977 దాకా సదరన్‌లోనే ఉంది. వాల్తేరు డివిజను కలకత్తా నుంచి 2003లో భువనేశ్వర్ కిందికి పోయింది, అందులో ఒక భాగాన్ని విశాఖ కేంద్రంగా ప్రకటించిన సౌత్ కోస్ట్ రైల్వేలోకి మార్చాలని తరవాత నిర్ణయించారు. ఇల్లు మారినప్పుడల్లా అటక మీది సామాను కొంత తగ్గిపోతుంది కదా, ఇదీ అంతే. ఆఫీసు మారిన ప్రతిసారీ పాత ఫైళ్లలో కొన్ని బండెక్కుతాయి, కొన్ని తూకానికి పోతాయి. శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న స్టేషను ఎప్పుడు కట్టారో తెలుసుకోవాలంటే కోల్‌కతాలో ఒక గదీ, భువనేశ్వర్‌లో ఒక గదీ, చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఒక బీరువా వెతకాల్సి రావచ్చు. నిజాం కాలపు సర్కారు కాగితాలు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో ఉర్దూ, ఫార్సీ చదవగలిగినవాళ్లకే అందేవి చాలా.

కాగితం దొరకని చోట కట్టడాన్నే చదువుకోవాలి. ఎలా చదవాలో ఒక్క ఉదాహరణ చెబుతాను. పాత స్టేషన్లలో ప్లాట్‌ఫాం రేకుల కప్పును మోసే స్తంభాలను గమనించండి. చాలా చోట్ల అవి అరిగిపోయి తీసేసిన పాత రైలు పట్టాలే. పట్టా నడుమ భాగంలో, రంగు పొరల కింద, ఉబ్బెత్తు అక్షరాలు చేతికి తగులుతాయి. అదే పట్టా తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం, కొన్నిటి మీద నెల, కొన్నిటి మీద ఏ రైల్వే కోసం చేశారో దాని పొడి అక్షరాలు. ఇంగ్లండు ఉక్కు మిల్లులో చేసి, ఓడలో వచ్చి, ఎన్నో ఏళ్లు బళ్ల బరువు మోసి, ఆ తరవాత స్తంభంగా పాతిన ఇనుము అది. అందుకని పట్టా మీద 1886 అని ఉంటే స్టేషను 1886 నాటిదని చెప్పడానికి లేదు. కప్పు అంతకు ముందుది కాదని మాత్రం చెప్పవచ్చు. పట్టా అరిగి స్తంభం కావడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో లెక్కేస్తే కప్పు వయసు సుమారుగా తేలుతుంది. ఇలాంటి ఆనవాళ్లు ఒక్కో స్టేషనులో పదో పదిహేనో ఉంటాయి. కొత్త కప్పు వేసేటప్పుడు ఈ స్తంభాలు ముందుగా పాత ఇనుము వేలంలోకి పోతాయి. అడిగేవాడుండడు.

గోడల సంగతీ అంతే. తాండూరు వైపు వెళ్తే బండరాయి కట్టుబడి, కోస్తాలో ఇటుక, పైన వెడల్పాటి వరండాలూ పెంకులూ. దగ్గరలో దొరికే సరుకుతో కట్టుకున్నారు. అతికింది గానుగ సున్నంతో. ఈ సున్నపు గోడలు తేమను పీల్చుకుంటాయి, ఎండకు వదిలేస్తాయి. వందేళ్లు నిలబడటానికి ఉన్న కారణాల్లో అదొకటి. మనవాళ్లు మరమ్మతు పేరుతో వాటికి సిమెంటు పూత పూసి, పైన ఆయిల్ పెయింట్ వేస్తారు. తేమ లోపలే ఉండిపోయి రాయీ ఇటుకా పొడిపొడిగా రాలడం మొదలుపెడుతుంది. పదేళ్లకు ఇంజనీరు వచ్చి కట్టడం శిథిలమైందని రాసి పోతాడు. శిథిలం చేసింది సిమెంటు!

ఇక కాచిగూడ. నా దృష్టిలో మన ప్రాంతంలో బతికి బట్టకట్టిన స్టేషన్లలో ఇది మొదటిది. హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ మీటర్‌గేజి లైను 1901 నాటికి వచ్చింది. 1916లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఆ లైనుకు తగ్గట్టు కాచిగూడ భవనం కట్టారు. నిజాం రైల్వే ప్రధాన కార్యాలయం కూడా అక్కడే నడిచింది. మధ్యన ఒక గుమ్మటం, పక్కన చిన్న గుమ్మటాలు, మినార్లు. తెల్లగా మెరిసే ఆ ముఖాన్ని ఎదురుగా నిలబడి చూస్తే స్టేషనులా ఉండదు, దేవిడీలా ఉంటుంది. ఒక పక్కగా పరదా స్త్రీల కోసం వేరే దారి ఉండేది. ఎవరి కంటా పడకుండా ఆడవాళ్లు లోపలికి వెళ్లేవాళ్లు.

కాచిగూడ నిలబడటానికి కారణం ఎవరో దాన్ని అద్దాల పెట్టెలో పెట్టడం కాదు. ఆ లైను మీటర్‌గేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చింది. ప్లాట్‌ఫాములు మారాయి. కొత్త కట్టడాలు పక్కనా వెనకా లేచాయి. పాత భవనం మాత్రం రైల్వే పనిలోనే ఉండిపోయింది. రోజూ తలుపులు తెరిచే భవనానికి కప్పు కారితే ఎవరో ఒకరు చూస్తారు. తాళం వేసి ఉంచిన భవనానికి రావిమొక్క మొలిచాక గానీ ఎవరూ చూడరు. కాబట్టి వాడుకే మంచి కాపలా. కానీ వాడుక ఒక్కటే చాలదు. పరదా దారి సంగతే చూడండి. అది ఎక్కడుండేదో, ఎంత వెడల్పో, ఎక్కడ మొదలై ఏ ప్లాట్‌ఫాం దగ్గర తేలేదో ప్లాను గీసి చూపించే ఒక చిన్న పలక ప్రయాణికుల కంట పడేలా ఉండాలి. ఒక గోడ అడ్డం కడితే చాలు, అలాంటి దారి ఉందన్న మాట కథగా మిగిలిపోతుంది.

చెన్నైలోని రాయపురం ఇంకో రకం ఉదాహరణ. దక్షిణ భారతంలో మొదటి రైలు 1856 జులై 1న కదిలింది అక్కడి నుంచే. పాడుబడి, కూల్చివేత మాట దాకా వచ్చిన ఆ భవనాన్ని, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ వంటి సంస్థలు పట్టుబట్టడంతో 2005లో బాగు చేశారు. అంటే జనం అడిగితే రైల్వే వింటుందన్న మాట. చట్టం మాత్రం మనకు పెద్దగా తోడురాదు. 1989 రైల్వే చట్టంలోని 11వ సెక్షన్ రైల్వే పనుల కోసం కట్టుకోవడానికీ కూల్చుకోవడానికీ వాళ్లకు విస్తారమైన అధికారం ఇచ్చింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినా, కేంద్రం చేతిలో ఉన్న స్టేషను దగ్గర దాని బలం తక్కువే. అందుకే నేను కోర్టుల కన్నా టేపునూ కెమెరానూ ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు తొందర ఎందుకంటారా? అమృత్ భారత్ స్టేషన్ల పథకం కింద 2023 ఆగస్టు 6న ఒక్కరోజే దేశంలో 508 స్టేషన్లకు పునాదిరాళ్లు పడ్డాయి. వాటిలో తెలంగాణవి 21, ఆంధ్రప్రదేశ్‌వి 18. తరవాత ఇంకా చేరాయి. 2025 మే 22న పూర్తయిన 103 స్టేషన్లను ప్రారంభించారు. బేగంపేట, వరంగల్, కరీంనగర్, సూళ్లూరుపేట అందులో ఉన్నాయి. లిఫ్టులొచ్చాయి, మరుగుదొడ్లు బాగుపడ్డాయి, సంతోషం. ఈ కొత్త ముఖాలకు స్థానిక సంస్కృతి అద్దాలన్నది పథకంలో ఒక మాట. వరంగల్‌కు కాకతీయుల తోరణం పెట్టారు, అది ఓరుగల్లు సొత్తు, నప్పింది. బేగంపేటకు కూడా కాకతీయ శైలే అద్దారు. పాయిగా వంశపు నవాబుల ఇంటి బేగం పేరు మీద వెలిసిన పేట అది, నిజాం రైల్వే దారిలో ఉన్న స్టేషను. దానికంటూ ఒక చరిత్ర ఉండగా ఓరుగల్లు నుంచి ఎరువు తేవడం ఎందుకు? ఉన్న చరిత్ర రాసి ఉంటే, నమూనా గీసేవాడి బల్ల మీద ఆ కాగితం ఉండేది. రాసి లేకపోతే పక్కూరి తోరణమే దిక్కు.

పెద్ద స్టేషన్ల గురించి మాట్లాడటానికి నాలాంటివాళ్లు పదిమంది ఉంటారు. నా బెంగ చిన్నవాటి గురించే. 1992లో గేజి మార్పిడి పెద్ద ఎత్తున మొదలయ్యాక మీటర్‌గేజి లైన్ల మీది స్టేషన్లు ఒక్కొక్కటిగా రూపు మారిపోయాయి. ప్రకాశం జిల్లా దొనకొండ పేరు విన్నారు కదా. గుంటూరు, గుంతకల్లు మీటర్‌గేజి రోజుల్లో అక్కడ లోకోషెడ్డు ఉండేది, దాన్ని అంటిపెట్టుకుని రైల్వే కాలనీ ఉండేది. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు పనీ పోయింది, ఊరు కళ తప్పింది. స్టేషనంటే టికెట్టు కిటికీ ఒక్కటే కాదని దొనకొండను చూస్తే తెలుస్తుంది. ఇంజనుకు నీళ్లిచ్చే తొట్టి, బావి, దీపాల గది, గూడ్సు షెడ్డు, గ్యాంగుమన్ల క్వార్టర్లు, అన్నీ కలిస్తే స్టేషను. రాసేటప్పుడు వాటన్నిటినీ రాయాలి.

ఉత్తరాన నౌపడా ఉంది. పర్లాకిమిడి రాజావారి చలవతో 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు నారోగేజి బండి నడిచింది. 1931 నాటికి కృష్ణచంద్ర గజపతి కాలంలో అది గుణుపురం దాకా వెళ్లింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం ఆ దారి స్టేషన్లు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవరల భాష నేర్చుకున్న రోజుల్లో ఊళ్లోకి వచ్చింది ఈ బండే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. రెండు ఊళ్లకూ నడుమ హద్దు వచ్చినా బండి ఆగలేదు. ఆగింది 2004లో, బ్రాడ్‌గేజికి మార్చడానికి. కొన్నేళ్ల తరవాత పెద్ద బండి వచ్చింది. చిన్న బండికి ప్లాట్‌ఫాం నేలకు దాదాపు సమానం, పెద్ద బండికి ఎత్తు కావాలి. ఎత్తు పెంచితే పాత గది గుమ్మం గుంటలో పడుతుంది, గుంటలో వాన నీళ్లు నిలుస్తాయి, ఆ తరవాత గది పోతుంది. గేజి మారిన చోట పాత స్టేషను నిలవకపోవడానికి ఎవరి దుర్బుద్ధీ కారణం కాదు, లెవెల్ కారణం. ఆ నారోగేజిలో ఫైర్‌మన్లుగా పనిచేసినవాళ్లు, గార్డులుగా తిరిగినవాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉన్నప్పుడే వాళ్ల దగ్గర కూర్చోవాలి.

కాకినాడ, కోటిపల్లి లైను సంగతి తెలుసా? 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధ అవసరాలకని 1940లో పట్టాలు పీక్కుపోయారు, మళ్లీ 2004లో గానీ బండి రాలేదు. మధ్యన అరవై నాలుగేళ్లు. మొదటి బండి ఎక్కినవాళ్లలో ఎందరు రెండోది చూడగలిగి ఉంటారు?

కొన్ని స్టేషన్లకు భవనం కన్నా అక్కడ జరిగిందే ముఖ్యం. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో తెనాలి స్టేషనుకు నిప్పు పెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. వాళ్ల పేర రణరంగ చౌక్ ఊళ్లో ఉంది. కానీ రైలు దిగి రిక్షా ఎక్కేవాడికి, తాను నిలబడిన చోటే ఆ రోజు ఏమైందో చెప్పే ఏర్పాటు స్టేషనులో కూడా గట్టిగా ఉండాలి.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి చప్పుళ్ల గురించి చెప్పకపోతే తప్పు. ఒంటి లైను మీద ఎదురెదురు బళ్లు రాకుండా ఆపింది నీల్స్ టోకెన్ యంత్రం. ఎర్రరంగు ఇనప పెట్టెలు, రెండు స్టేషన్లలో రెండు. అవతలి స్టేషను మాస్టరు గంట కొట్టి ఒప్పుకుంటే గానీ ఇవతలి పెట్టెలోంచి గోళం రాలదు. ఒకటి బయటికొస్తే మళ్లీ అది ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండోది రాదు. ఆ గోళాన్ని తోలు సంచిలో వేసి, బెత్తం చుట్టకు కట్టి, పాయింట్స్‌మన్ చెయ్యెత్తి నిలబడేవాడు. డ్రైవరు పక్కనున్న మనిషి ఆ చుట్టను చంకలోకి అందుకునేవాడు. టంగుమని గంట, ఖణేల్‌మని గోళం, లీవరు లాగితే కేబిన్ నుంచి సిగ్నలు దాకా తీగ ఈడ్చుకుపోయే రొద, అట్ట టికెట్టు మీద తారీకు పడే టక్కు, వేలాడదీసిన పట్టా ముక్క మీద సుత్తి దెబ్బ. ఇవన్నీ పోయాయి, పోతున్నాయి. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ భద్రతకు మంచిది, వద్దనేవాడు మూర్ఖుడు. కానీ లీవర్ల కేబిను కూల్చే ముందు ఒక పూట రికార్డరు పెడితే ఖర్చేముంది?

ఇక మీరేం చెయ్యాలో చెప్పి ముగిస్తాను. మీ ఊరి స్టేషనుకు వెళ్లండి. మాస్టరుగారికి చెప్పి, అనుమతి తీసుకుని మొదలుపెట్టండి. పట్టాల మీదికి దిగవద్దు. పసుపుపచ్చ పేరు బోర్డు ఫోటో తియ్యండి, దాని మీద సముద్రమట్టం లెక్క కూడా ఉంటుంది. నాలుగు వైపుల నుంచీ భవనం ఫోటో తియ్యండి. పొద్దుటి ఎండలో తూర్పు ముఖం, సాయంత్రం పడమటి ముఖం. గదుల పొడవు, వెడల్పు, తలుపుల ఎత్తు టేపుతో కొలిచి కాగితం మీద వెయ్యండి. ఏ గది దేనికి వాడేవారో రిటైరైన ఉద్యోగుల్ని అడిగి, వాళ్ల మాటల్లోనే రికార్డు చెయ్యండి. ప్రతి కాగితం మీదా తారీకు వెయ్యండి, తారీకు లేని ఫోటో సగం ఫోటోయే. మూడు నకళ్లు చేసి ఒకటి ఊరి గ్రంథాలయంలో, ఒకటి దగ్గరలోని కాలేజీలో ఇవ్వండి, ఒకటి మీరు ఉంచుకోండి. బడి పంతుళ్లు, ఆర్కిటెక్చర్ కాలేజీలు తలుచుకుంటే ఇది విద్యార్థులకు మంచి ప్రాజెక్టు.

ఇంట్లో రైల్వేలో పనిచేసిన తాతగారో నాన్నగారో ఉన్న శ్రోతలకు ఇంకో మాట. ఆయన ట్రంకుపెట్టెలో పాత టైం టేబుళ్లు, డ్యూటీ కాగితాలు, బదిలీ ఉత్తర్వులు, కాలనీలో తీయించుకున్న గ్రూపు ఫోటోలు ఉంటే పాత కాగితాలవాడికి వెయ్యకండి. ముందు ఫోటోలో ఎవరెవరున్నారో ఆయన్ని అడిగి వెనక పేర్లు రాయించండి. ఈ ఆదివారమే కూర్చోండి.